నల్ల మూలల కార్డులు

తొంభై మూడు చలికాలంలో మా ఆవిడ కమలమ్మ, మా మేడ మీద అద్దెకున్న పిల్ల బంధువుల్లో పదకొండు మందిని చంపేసింది. ఒక్కొక్కరికీ విడివిడిగా ఏడ్చింది. ఒక్కొక్కరికీ విడివిడిగా తలమీద చన్నీళ్లు పోసుకుంది, అదీ డిసెంబరు, జనవరి చలిలో. నాకు మాత్రం ఒక్క చావు కబురూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని తర్వాత నిలదీస్తే, "నీ నోట్లో నువ్వుగింజ నానుతాదా?" అంది. ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉన్నవాణ్ణి. ఎన్ని ప్రశ్నపత్రాలు నా చేతుల మీదుగా పోయాయో లెక్క లేదు, ఒక్క ప్రశ్న బయటికి పొక్కింది లేదు. అలాంటి ఓబులేసును పట్టుకుని అనాల్సిన మాటేనా అది? సరే, మొదటినుంచీ చెప్తాను, మీరే తీర్పు చెప్పండి.

మాది జమ్మలమడుగు వైపు. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాం. కింద మేము, పైన ఒక గది. ఆ గదిలోకి నిరోష అనే పిల్ల వచ్చింది. జనగామ దగ్గర పల్లెటూరు వాళ్లది. తండ్రి సత్తయ్య వ్యవసాయం చేస్తాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఈ పిల్ల మా క్యాంపస్‌లోనే పరిశోధన చేస్తోంది. దేని మీదమ్మా అని అడిగాను.

"సముద్రం మీద అంకుల్."

నాకు నవ్వాగలేదు. ఏ దిక్కున పోయినా రాత్రంతా రైల్లో కూర్చుంటేగాని సముద్రం కనిపించని ఊరు మాది. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే హుస్సేన్‌సాగర్, లేదంటే వానాకాలంలో మా వీధి చివర నిలిచే మడుగు. ఈ పిల్ల పుట్టిన ఊళ్లో అయితే చెరువు కూడా మూడేళ్లకోసారి నిండుతుందట.

"ఎన్నిసార్లు చూసినావమ్మా సముద్రాన్ని?"

"ఒక్కసారి. నిరుడు చలికాలంల. నాలుగు రోజులున్న," అంది. అని మెట్ల మీద కూర్చుంది. తర్వాత చెప్పింది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న చేపల రేవు అది. పొద్దున్నే ఒడ్డున నిలబడి చూస్తోందట. గాలి లేదు, మబ్బు లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. పడవవాళ్లు పాట పాడుకుంటూ పడవ దింపారు. ఒడ్డుకు నూరు గజాలు కూడా పోకముందే నిలువెత్తు అల లేచి పడవను బోర్లా వేసింది. ఆరుగురు ఎక్కితే ముగ్గురే తిరిగొచ్చారు.

"గాలి లేనిది అల ఎట్లొచ్చిందని ఊరోళ్లందరు పరేషాన్. నాకైతే పోయిన ఆ ముగ్గురి మొఖాలు ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నయి అంకుల్," అంది. "మూడు వేల మైళ్ల అవతల యాడనో తుఫాను పుడ్తది. ఆ గాలి ఆడనే ఆగిపోతది. అల ఆగదు. నాలుగైదు రోజులు నడుచుకుంట నడుచుకుంట వచ్చి ఈడ ఒడ్డుకు తగుల్తది. మామూలు అలలు ఏడెనిమిది సెకండ్లకొకటి వస్తయి. ఈ దూరపు అల పదిహేను సెకండ్లకొకటి. మెల్లగ వస్తది. మెల్లగ వచ్చేదే కొంప ముంచుతది."

మా ఆఫీసులో ఫైళ్లు కూడా అంతేనమ్మా అన్నాను. నవ్వింది. ఆ పిల్ల నవ్వితే మా మేడమెట్లు కూడా వినేవి.

కాని ఆమె గైడు ప్రొఫెసర్ విష్ణువర్ధన్ గారు నవ్వలేదు. ఆయన మంచివాడే, మా నంద్యాల మనిషే, కాని దేవుడు ప్రత్యక్షమైనా కాగితం చూపించమనే రకం. "చలికాలంలో మన తీరానికి అంత దూరపు అల రాదు. వచ్చినా అంత ఎత్తుండదు. వచ్చిందంటావా, లెక్క చూపించు," అన్నాడట. ఫిబ్రవరి ఏడో తేదీ సోమవారం కమిటీ ముందు సెమినారు. అక్కడ లెక్క చూపిస్తే ఫెలోషిప్పు పొడిగిస్తారు. చూపించకపోతే పెట్టే సర్దుకుని జనగామ బస్సెక్కాలి, అలల సంగతి అంతటితో మరిచిపోవాలి. ఈ ముక్క ఆ పిల్ల మా ఆవిడకు కూడా చెప్పింది. "ఆంటీ, ఫిబ్రవరి దాక నాకు ఏ టెన్షన్ రావద్దు. నా జిందగీ అంత దాని మీదనే ఉన్నది," అంది. ఆ మాట మా ఆవిడ చెవిలో పడటమే కొంప ముంచింది.

లెక్క కోసం నిరోష ఒక ఏర్పాటు చేసుకుంది. ఆ రేవులో శ్యామలాంబ గారని రిటైరైన లెక్కల టీచరు ఉన్నారు. ఆమె ఇంటి గుమ్మంలోంచి అడుగు బయట పెడితే ఇసుకే. రోజూ పొద్దున్న ఆరు గంటలకు చేతి గడియారం చూసుకుంటూ పది అలలు ఎంతసేపట్లో వస్తాయో లెక్కపెట్టాలి. ఒడ్డున పాతిన రంగుపట్టీల సరుగుడు వాసం మీద అల ఎంత ఎత్తు వచ్చిందో చూడాలి. గాలి ఉందో లేదో రాయాలి. ఇవన్నీ పోస్టుకార్డు మీద నింపి డబ్బాలో వేయాలి. నిరోష ముందే ఇంగ్లీషులో గళ్లు అచ్చు వేయించి, మా ఇంటి అడ్రసు రాసి, అరవై రెండు కార్డులు ఆమెకు పార్శిల్లో పంపింది, డిసెంబరుకూ జనవరికీ రోజుకొకటి. క్రిస్మస్‌కు డిపార్ట్‌మెంటు మూసేస్తారు గనుక ఇంటి అడ్రసు.

ఇంకో మాట కూడా రాసి పంపింది. అల మనిషి నిలువు దాటినా, అలకూ అలకూ మధ్య పన్నెండు సెకన్లు దాటినా, ఆ రోజు కార్డు నాలుగు మూలలకూ నల్ల సిరా పూయమంది. కార్డులన్నీ కట్ట కట్టి పక్కనుంచి చూస్తే నల్లవి ఏవో ఇట్టే తెలిసిపోతాయని. తెలివైన ఆలోచనే, నేను కాదనను. కాని ఆ తెలివి మాకెవరికీ చెప్పలేదు.

మాలో శుభలేఖ మూలలకు పసుపు పూస్తారు. మూలలకు నలుపు పూసిన ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారని. దాన్ని గడప లోపలికి తేరు. బయటే నిలబడి చదివి, చించేసి, తలస్నానం చేసి లోపలికి వస్తారు. నిరోష వాళ్ల ఊళ్లో ఈ పద్ధతి లేదు. అక్కడ చావు కబురు మనిషి మోసుకొస్తాడు, చర్చి గంట చెప్తుంది. నలుపు పూసిన కార్డంటే ఆ పిల్లకు సిరా పూసిన కార్డే.

మా ఆవిడకు చదువు రాదు. పోస్ట్‌మాన్ పోచయ్య వచ్చేది మిట్టమధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండే వేళ.

మొదటి ఎనిమిదీ తెల్లకార్డులే వచ్చాయి. మా ఆవిడ వాటిని మెట్ల దగ్గర మేకుకు గుచ్చేది. సాయంత్రం నిరోష క్యాంపస్ నుంచి వస్తూనే తీసుకుని, మెట్ల మీదే కూర్చుని చదివి మాకు సముద్రం సమాచారం చెప్పేది. "ఇయ్యాల ఏడు సెకండ్లు ఆంటీ, మోకాళ్ల లోతు అల. మస్తు ప్రశాంతం." మా ఆవిడ వంటింట్లోంచే "మంచిది తల్లీ" అనేది. పక్కింటివాళ్లు కూడా గోడ మీదుగా "సముద్రం బాగున్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు ఆఫీసులో ఏదైనా చికాకు కలిగినా, ఇంటికొచ్చి సముద్రం బాగుందని వింటే ప్రాణం హాయిగా ఉండేది.

డిసెంబరు పదమూడున పోచయ్య గేటు దగ్గరే ఆగిపోయాడట. కార్డును రెండు వేళ్లతో పట్టుకున్నాడట.

"అమ్మా, గిది లోపటికి తీస్కపోకుండ్రి. మూలలకు నల్లగ పూసిన్రు."

"అయ్యో, ఎవురికి నాయనా?"

"పైనున్న పోరికి. అంత ఇంగ్లీషుల ఉన్నది, నాకు నంబర్లే తెలుస్తయి. తొమ్మిదో తారీకు, పొద్దుగాల ఆరు గొట్టంగ."

తొమ్మిదో తేదీ పొద్దున ఆరు గంటలు. ఇంకేముంది, పోయిన గడియతో సహా వచ్చేసింది. మా ఆవిడ కార్డు పట్టుకుని గేటు దగ్గరే ఆలోచనలో పడింది. పిల్లకు చెబుదామా అంటే ఫిబ్రవరి దాకా ఏ కష్టమూ రావద్దని నోరారా అడిగింది. చించేద్దామా అంటే, "చదవాల్సిన పిల్ల చదవకముందే నేనెట్ల చించేది?" అని ధర్మసందేహం. గడప లోపలికి తేవడానికి లేదు. మా గేటు పక్క గోడలో పాత కరెంటు మీటరు పెట్టె ఒకటుంది. మీటరు లోపలికి మార్చాక ఖాళీగా పడి ఉంది. కార్డును అందులో పెట్టి తలుపు మూసి, పెరట్లో చన్నీళ్లు పోసుకుని ఇంట్లోకొచ్చింది. చావు కబురు చల్లగా చెప్పడమంటారు చూడండి, మా ఆవిడ దాన్ని రెండు నెలలు మీటరు పెట్టెలో చల్లబెట్టింది.

మర్నాడు పోచయ్య మళ్లీ గేటు దగ్గర ఆగాడు. ఆ మర్నాడూ ఆగాడు. మూడు రోజులు, మూడు కార్డులు, మూడూ పొద్దున ఆరు గంటలకే.

"అందరూ తెల్లారుజామునే పోతాండారు. పుణ్యాత్ములు," అని మా ఆవిడ కళ్లొత్తుకుందట.

"ఏం బీమారి పడ్డదో ఆ ఊరికి," అన్నాడట పోచయ్య. ఆయన కూడా ఆ మూడు రోజులూ ఇంటికి పోగానే తలమీద నీళ్లు పోసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఇదంతా నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నా కష్టాలే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఈవిడ తడిజుట్టుతో తుమ్ముతూ ఉంటుంది. రేడియోలో పాట పెడితే టక్కున ఆపేస్తుంది. "పైన పిల్ల ఉండాది, ఏం సంబరమని పాటలు?" అంటుంది. పిల్ల ఉంటే పాటకేం వచ్చిందో అర్థం కాదు. నెలకోసారైనా ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసే మనిషి, డిసెంబరు నడిమి నుంచి పొయ్యి మీద బెల్లం వాసన రానివ్వలేదు. అడిగితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఓళిగలు అడిగినందుకు ఏడ్చిన ఆడదాన్ని నేను ఎక్కడా చూడలేదు.

నిరోషకు మాత్రం రాజభోగం. పొద్దున్నే తలకు నూనె, మధ్యాహ్నానికి క్యారియరు, రాత్రి రాగిసంగటిలో చేతికందినంత నెయ్యి. "తిను తల్లీ, గుండె గట్టిగ ఉండాల," అని కొసరి కొసరి వడ్డించేది.

"అంకుల్, ఆంటీకి నా మీద గింత ప్రేమేంది? రెండు కిలోలు పెరిగిన," అంది నిరోష ఒకరోజు.

నేనేం చెప్పను? నాకు సగం కిలో తగ్గింది.

ముక్కోటి ఏకాదశి దగ్గర ఇంకో రెండు కార్డులొచ్చాయి. ఆ వెంటనే క్రిస్మస్. నిరోష రెండు రోజులు ఊరికి బయల్దేరింది. ఆ రెండు రోజులూ మా ఆవిడ మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. ఊరికి పోతే అంతా తెలిసిపోతుంది, పిల్ల గుండె పగిలిపోతుందని. మూడో రోజు నిరోష కొత్త చుడీదార్‌లో, చేతిలో అరిసెల డబ్బాతో, ఎప్పటిలాగే మేడమెట్లకు వినిపించేలా నవ్వుతూ దిగింది.

"ఊళ్లో అందరూ బాగుండారా తల్లీ?" అని మా ఆవిడ గేటు దగ్గరే ఆపి అడిగింది.

"అందరు మంచిగున్నరాంటీ."

"మీ అవ్వ?"

"రాములవ్వకేమైతది? తుమ్మమొద్దు లెక్క ఉన్నది. ఈ అరిసెలు ఆమె చేసినయే."

అరిసె చేతిలో పెట్టుకుని మా ఆవిడ పెరట్లోకి పోయి బోరున ఏడ్చింది. ఆమెకు అర్థమైందేమంటే, ఇంట్లోవాళ్లు కూడా పిల్ల దగ్గర దాచిపెట్టారు. సెమినారు అయ్యేదాకా చెప్పకూడదని అందరూ ఒక్క మాట మీదున్నారు. ఎంత గుండె నిబ్బరం ఉంటే ఐదుగురు పోయిన ఇంట్లో అరిసెలు వండి పంపుతారు! అంత పెద్ద మనసున్నవాళ్ల మాట నిలబెట్టాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుందట. ఇలాంటి తెలివికి మందు ఏ ఆస్పత్రిలోనూ లేదు.

జనవరిలో వరసగా నాలుగు, తర్వాత రెండు. మొత్తం పదకొండు. మా ఆవిడ జలుబు నాకు అంటుకుంది.

ఇక్కడ మీకు నవ్వొస్తోంది గాని పైన ఆ పిల్ల పరిస్థితి వేరు. సాయంత్రం వచ్చి మేకు చూసేది. "కార్డు రాలేదా ఆంటీ?" అనేది. "రాలేదు తల్లీ," అని మా ఆవిడ గోడవైపు తిరిగి చెప్పేది. పదకొండు రోజులకు లెక్క లేదు. వచ్చిన యాభై ఒక్కటీ ప్రశాంతమే. నవ్వడం తగ్గిపోయింది. జనవరి చివర్లో విష్ణువర్ధన్ గారు అప్పటిదాకా వచ్చిన కార్డులన్నీ తిరగేసి, "చూశావా? చలికాలంలో సముద్రం మీ ఊరి చెరువులా ఉంది. నేనన్నదే ఇది," అన్నాడట. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "అంకుల్, నా కండ్లతోని చూసినదే అబద్ధమా? ఆ ముగ్గురు ఊకనే పోయిన్రా?" అని అడిగింది. నేను కంచం పక్కకు జరిపాను. మా ఆవిడ అయితే "ముగ్గురు" అన్న మాటకే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

రేవులో ఫోను లేదు. నిరోష శ్యామలాంబ గారికి ఉత్తరం రాసింది, మీకు ఒంట్లో బాగాలేక కార్డులు మానేశారా అని. జవాబు ఫిబ్రవరి ఐదున, శనివారం మధ్యాహ్నం వచ్చింది. నేను జలుబుతో సెలవు పెట్టి వరండాలో మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాను. నిరోష గేటు దగ్గరే పోచయ్య చేతిలోంచి అందుకుని గబగబా చింపి చదివింది. ముఖం ఎర్రబడింది.

"పోచయ్యన్నా, నా కార్డులేవి?"

"ఏం కార్డులు బిడ్డా?"

"ఒక్క రోజు కూడ మానలేదని రాసిందీమె. నల్ల సిరా ఒక సీసా అయిపోతే రెండోది కొన్నదట. నల్ల మూలలవి పదకొండు కార్డులు యాడపోయినయి? సోమవారం నా సెమినార్! నా జిందగీతోని ఆటలాడుతున్నరా?"

పోచయ్య సైకిలు స్టాండు వేశాడు. "ఎల్లమ్మ సాక్షి బిడ్డా. ఇరవై రెండేండ్ల సర్వీసుల ఒక్క ఉత్తరం పోగొట్టలేదు. అన్ని అమ్మ చేతికే ఇచ్చిన," అని మా ఆవిడ వైపు చూశాడు.

అందరం చూశాం. మా ఆవిడ తెల్లగా పాలిపోయింది. వచ్చి నిరోష భుజాలు పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"తల్లీ, గుండె గట్టి చేసుకో. సోమవారం దాకా చెప్పగూడదనుకున్నా. మీ ఊర్లో... మీవాళ్లు... పదకొండు మంది పోయినారు తల్లీ!"

నేను మఫ్లరుతో సహా లేచి నిలబడ్డాను.

"ఎవరు చెప్పిన్రాంటీ?"

"కార్డులు వచ్చినాయి గదమ్మా. మూలలకు నల్లంగ పూసి. అన్నీ ఆ పెట్టెలో ఉండాయి."

నిరోష ఒక్క దూకులో మీటరు పెట్టె దగ్గరికి పోయి తలుపు లాగింది. కార్డులు జారి కింద పడ్డాయి. అక్కడే నేల మీద కూలబడి మొదటిది చదివింది, రెండోది చదివింది, నాలుగోది చదివింది. ఉన్నట్టుండి కేక పెట్టింది.

"పదహారు సెకండ్లు! అంకుల్, పదహారు! గాలి నిల్! నిలువు మీద జానెడు ఎత్తు! ఇగో, మళ్ల పదిహేను! నాలుగు రోజులు వరసగా!"

అని లేచి గిర్రున తిరిగింది. పోచయ్య టోపీ తీసి ఆయన తలమీదే ఎగరేసింది. గేటు పట్టుకుని ఊగింది. పకపకా నవ్వింది. రెండు వారాల తర్వాత ఆ నవ్వు మళ్లీ మేడమెట్లకు వినబడింది.

"ఓరి దేవుడా! పిల్లకు మతి పోయింది! ఏమయ్యా, అట్ల నిలబడతావేంది, నీళ్లు తే!" అని మా ఆవిడ గుండెలు బాదుకుంది.

ఆ గోల సద్దుమణగడానికి అరగంట పట్టింది. నిరోష మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని కార్డుల మీద వేలు పెట్టి, ఇది అల ఎత్తు, ఇది అలల మధ్య ఎడం, ఇది గాలి అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆరు గంటలంటే పోయిన గడియ కాదు, టీచరమ్మ గడియారం చూసిన గడియ అని చెప్పింది.

"అంటే ఎవురూ సావలేదా?"

"ఎవ్వరు సావలేదాంటీ."

"రాములవ్వ?"

"ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

మా ఆవిడ కాసేపు ఆకాశం చూసింది. తర్వాత ఒక్కసారిగా కోపం వచ్చింది. "నేను పదకొండు తూర్లు చన్నీళ్లు పోసుకుంటిని గదే!" అని అరిచింది. పోచయ్య వైపు తిరిగి, "నువ్వన్నా చదవగూడదా అయ్యా?" అంది. పోచయ్య, "నేనూ పోసుకున్ననమ్మా పదకొండు సార్లు," అన్నాడు దీనంగా. అప్పుడు నవ్వొచ్చింది అందరికీ. నేను నవ్వీ నవ్వీ దగ్గుతో కుర్చీలో పడిపోయాను.

ఆదివారమంతా నిరోష గ్రాఫు గీసింది. పొద్దున నాలుగు గీతలు తప్పు పడితే నేనే స్కేలు పట్టుకున్నాను. ఖాళీలుగా ఉన్నచోట్ల పదకొండు కొండలు లేచాయి. సాయంత్రం చూస్తే కార్డుల మూలలన్నీ పచ్చగా ఉన్నాయి. మా ఆవిడ పసుపు తడిపి నలుపు మీద పూసేసింది. "ఎవురూ సావనప్పుడు నలుపెందుకు? శుభకార్యానికి పోతాండాయి," అంది. అంకెల మీద పసుపు పడలేదు, అంతవరకు దయ.

సోమవారం క్యాంపస్‌లో సెమినారు హాలుకు మేమిద్దరం కూడా పోయి చివరి బెంచీలో కూర్చున్నాం. నిరోష బాగా చెప్పింది. కొండలు చూపించింది. హాల్లో గుసగుసలు లేచాయి. విష్ణువర్ధన్ గారు కార్డులు చేతికి తీసుకున్నాడు, వేళ్లు పచ్చబడ్డాయి. వేళ్ల వైపూ కార్డుల వైపూ చూశాడు.

"మొన్న శుక్రవారం దాకా ఇవి లేవు. నీకు కావలసిన పదకొండు రోజులూ ఇవాళ వచ్చాయి. ఇన్నాళ్లు ఎక్కడున్నాయి?"

"సార్, తపాలా ముద్రలున్నయి, చూడుండ్రి."

"సగం ముద్రలు అలుక్కుపోయాయి. తేదీ కనబడటం లేదు."

ఎందుకు అలుక్కుపోయాయో నాకు తెలుసు. పసుపు తడిపింది మా ఆవిడ, పోస్టాఫీసు కాదు. నిరోష మాట తడబడింది. దగ్గరదాకా వచ్చిన ఫెలోషిప్పు కళ్లముందే జారిపోయేలా ఉంది. అప్పుడు నా పక్కనుంచి మా ఆవిడ లేచి నిలబడింది. కొంగు పట్టి లాగాను, ఆగలేదు.

"నా దగ్గరుండినాయి సార్," అంది.

మొత్తం చెప్పింది. పోచయ్య రెండు వేళ్లతో పట్టుకోవడం, ఆరు గంటల గడియ, మీటరు పెట్టె, చన్నీళ్లు, అరిసెలు, ఏదీ వదల్లేదు. కమిటీలో ఒకాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా ఘొల్లుమంది. విష్ణువర్ధన్ గారు మాత్రం చెయ్యెత్తి ఆపాడు.

"చదవడం రాదంటున్నావు గదమ్మా. ఏది ఏ రోజు వచ్చిందో నీకెట్ల తెలుసు?"

మా ఆవిడ ఆయన వైపు వింతగా చూసింది.

"సావులు ఎవురన్నా మరిచిపోతారా సార్? మొదటిది కార్తీక అమావాస్య పొద్దు, సోమవారం. రెండోది పాడ్యమి, మూడోది విదియ. ముక్కోటి ఏకాదశికి ముందొకటి, ఏకాదశికి ఒకటి. ఆ ఇద్దరూ నేరుగా వైకుంఠానికే పోయినారనుకుంటి..."

అలా వేలు మడుస్తూ పదకొండూ చెప్పింది. విష్ణువర్ధన్ గారు పంచాంగం తెప్పించాడు. దేవుడి మీద ఆన, సైన్సు కమిటీ పంచాంగం తెప్పించింది! ముద్ర సరిగ్గా కనిపించే ఐదు కార్డులు ముందు పెట్టుకుని, ముద్ర పడ్డాక నాలుగో రోజుకు కార్డు చేరినట్టు తిథులతో సరిచూశాడు. ఐదుకు ఐదూ సరిపోయాయి. మిగతా ఆరూ వాటి పక్కనే వరసలో కూర్చున్నాయి. పంచాంగం మూసి, పచ్చటి వేళ్లతో ముక్కు గోక్కున్నాడు. ముక్కు కూడా పచ్చబడింది.

"పదహారు సెకన్లు, గాలి లేదు," అని తనలో తను అనుకున్నాడు. తర్వాత గట్టిగా, "నేనే తప్పమ్మా నిరోషా. ఫెలోషిప్పు పొడిగిస్తున్నాం. వచ్చే చలికాలం ఒక్క రేవు చాలదు, నాలుగు చోట్ల లెక్క పెట్టించు," అన్నాడు. నిరోష పరుగెత్తుకొచ్చి మా ఆవిడను కావలించుకుంది. నేను కూడా పక్కనే ఉన్నాను గాని నన్నెవరూ పట్టించుకోలేదు.

ఈ కథంతా నిరోష శ్యామలాంబ గారికి రాసింది. పది రోజులకు జవాబొచ్చింది. నల్ల సిరా పూయమన్నప్పుడు తనకూ ఒక క్షణం అనుమానం వచ్చిందనీ, సైన్సువాళ్లకు అలాంటి పట్టింపులుండవేమో అని ఊరుకున్నాననీ రాశారు. ఆ కిందిది నన్ను చదవమంది మా ఆవిడ. వరండాలో కూర్చుని గట్టిగా చదివాను.

"నేను పొద్దున్నే గడియారం పట్టుకుని అలలు లెక్కపెడుతుంటే మొదట్లో పడవవాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లే రోజూ వచ్చి, పంతులమ్మా ఇవాళెంత అని అడగడం మొదలుపెట్టారు. ఏడంటే పోయేవాళ్లు. పదిహేనంటే పడవలు ఇసుక మీదే ఉంచేవాళ్లు. నిరుడు ఈ రేవులో ముగ్గుర్ని పోగొట్టుకున్నాం. ఈ ఏడు మీ నల్ల కార్డుల పదకొండు రోజులూ ఇక్కడ ఒక్క పడవా దిగలేదు. ఒక్క ప్రాణమూ పోలేదు."

నేను ఆపాను. మా ఆవిడ దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఇంగొకతూరి చదువు," అంది.

చదివాను.

"ఎంతమంది పోలేదన్నారు?"

"ఎవరూ పోలేదే. పదకొండు రోజుల్లో ఒక్కరూ పోలేదు."

అప్పుడు ఏడ్చింది చూడండి! ఆ రెండు నెలల్లో పదకొండు మందికి ఏడ్చిన ఏడుపంతా ఒకెత్తు, ఇదొకెత్తు. ఏడుస్తూనే లేచి ఆ ఉత్తరం నాలుగు మూలలకూ పసుపు పూసి, గడప దాటించి, దేవుడి పటాల పక్కన పెట్టింది. తర్వాత పొయ్యి వెలిగించింది. బెల్లం వాసన వరండాలోకి వచ్చింది. పైనుంచి నిరోష దిగొచ్చింది, గేటు దగ్గర పోచయ్య సైకిలు ఆగింది.

పదకొండు ఓళిగలు చేసింది, లెక్కపెట్టి. అందరికీ పంచగా నాకు మిగిలింది రెండే. అయినా ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు.